ఉంగరపు వేలితో కొట్టిన ఒకట్లు

టైపు మిషన్ మీద ఒకటి అంకె ఉండదు. ఇవాళ్టి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో నల్గొండలో ఉన్న పాత ఇంగ్లీషు మిషన్లలో చాలావాటికి అంకెల వరుస రెండుతోనే మొదలయ్యేది. ఒకటి కావాలంటే చిన్న ఎల్ అక్షరం కొట్టాలి. కాగితం మీద రెండూ ఒక్కలాగే పడతాయి కాబట్టి ఇంకో మీట ఎందుకు దండగ అని ఆ మిషన్ చేసిన మహానుభావుడు అనుకున్నాడు. ఆయన మిగిల్చిన ఆ ఒక్క మీట ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరి కొంప మీదికి వస్తుందో ఆయనకేం తెలుసు, పాపం.

షరీఫున్నీసా నేర్చుకున్నది ఆ మీట లేని మిషన్ మీదే. 1984లో, గడియారం సెంటరు వెనక సందులో, నూరుద్దీన్ సార్ నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో. ఆమె తండ్రి మెహమూద్ వీధి వీధి తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బిడ్డ పదో తరగతి పాసయ్యాక చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "దూది దుమ్ము నా ఛాతీలనే ఉండనీ సాబ్, దీనికి వద్దు" అన్నాడు. నూరుద్దీన్ సార్ పిల్ల ముఖం చూడలేదు, వేళ్లు చూశాడు. "పొడుగున్నయి. రేపు పొద్దున ఆరింటికి పంపు" అన్నాడు. అడ్మిషన్ అయిపోయింది.

సార్ దగ్గర బెత్తం ఒకటి, చెక్కపలక ఒకటి ఉండేవి. నేర్చుకునేవాళ్లు మీటలు చూడకుండా పలకను చేతుల మీదుగా అడ్డం పెట్టేవాడు. చూస్తే బెత్తం. చదివితే కూడా బెత్తమే. "మాటకు అర్థం ఎతికితే వేలు ఆగుతది బేటీ. అర్థం వకీలు చూసుకుంటడు, నువ్వు అక్షరం చూస్కో" అనేవాడు. మనిషి పేరుకైనా ఊరి పేరుకైనా ముందు పెద్దక్షరం పడాలి. అంకెకు ముందు ఒక్కటే ఖాళీ ఉండాలి, రెండు ఉంటే రెండు దెబ్బలు. ఒకటి వస్తే కుడిచేతి ఉంగరపు వేలు ఎల్ మీద పడాలి. ఆరు నెలలు తిరిగేసరికి షరీఫున్నీసా వేళ్లకు ఇవన్నీ వాటంతట అవే తెలిసిపోయాయి. లోయరు పాసయింది, హయ్యరు పాసయింది, ఒక వకీలు ఆఫీసులో కుదిరింది. బస్టాండు దగ్గర సైకిల్ షాపు పెట్టుకున్న చోటే మియాతో నిఖా అయింది. పదేళ్లు అర్జీలు, దావాలు కొట్టింది. వాటిలో ఏముందని ఎవరైనా అడిగితే నవ్వేది తప్ప చెప్పలేకపోయేది. వేళ్లకు తెలుసు గానీ ఆమెకు తెలియదు మరి.

1995లో నీటి పరీక్షల కేంద్రంలో టైపిస్టు పని దొరికింది. ఒక ధర్మసంస్థ నడిపే చిన్న ఆఫీసు అది. మేడ మీద రెండు గదులు, ఒకదాంట్లో గాజు సామాను, ఇంకోదాంట్లో కాగితాలు. ఉద్యోగం తాత్కాలికం. నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఏముందో అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే పిల్లల పళ్లు గార పడతాయి, ఇంకా పెరిగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఏ ఊరి నీళ్లలో ఎంత ఉందో పరీక్షించి రిజిస్టరులో ఎక్కించడం ఆ కేంద్రం పని.

ఊళ్ల నుంచి సీసాలు తెచ్చేవాడు లింగస్వామి. సైకిల్ వెనక చెక్కపెట్టె కట్టుకుని రోజుకు నాలుగైదు ఊళ్లు తిరిగేవాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి మెడ తిరిగేది కాదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. కొత్తవాళ్లు ఇదేదో గర్వం అనుకునేవాళ్లు. సొంతూరు సుంకులగూడెం. చిన్నప్పటి నుంచీ తాగింది ఆ ఊరి బోరు నీళ్లే. తన మెడ సంగతి అతను ఎప్పుడూ ఎత్తేవాడు కాదు గానీ, ఏడేళ్ల బిడ్డ మైసమ్మ మోకాళ్లు లోపలికి వంగడం మొదలైన దగ్గర నుంచి ఆఫీసుకు వచ్చినప్పుడల్లా షరీఫున్నీసాను అక్క వరసతో ‘ఆపా’ అని పిలిచి ఒకటే ప్రశ్న.

"ఆపా, మంచినీళ్ల నల్లాలు ఏ ఊర్లకు ముందుగాల ఏస్తరట?"

"లిస్టు పోతె తెలుస్తది లింగన్నా. మీ ఊరు ముందుగాలనే ఉంటది, ఫికర్ చెయ్యకు" అనేది షరీఫున్నీసా.

1996లో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడిపించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు ఏదో పత్రికతో పాటు ఇచ్చిన సీడీ ఒకటి జేబులోంచి తీసి, అందులోని లినక్స్‌ను ఎక్కించాడు. బొమ్మలు లేవు, బాణం గుర్తు లేదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మిణుకు మిణుకుమనే ఒక గీత. ఏం కావాలో కొట్టాలి, అది చేస్తుంది. మిగతావాళ్లంతా బిత్తరపోయారు గానీ షరీఫున్నీసాకు ప్రాణం లేచి వచ్చింది. కొట్టడమే కదా!

ఇంజినీరు మూడు రోజులున్నాడు. ఆమె ఒక పొడుగు పుస్తకం పెట్టుకుని అతను చెప్పినవన్నీ తన మాటల్లో రాసుకుంది. ‘ఎల్ఎస్’ అనే ఆజ్ఞ ఎదురుగా ‘సందుగ తెరిచి సూసుడు’ అని ఉంటుంది. ‘సీపీ’ ఎదురుగా ‘నకలు. ఏ పనికన్న ముందు ఇది’ అని రాసి కింద రెండు గీతలు గీసింది. ‘గ్రెప్’ అంటే బియ్యంల రాళ్లు ఏరుడు. ‘సార్ట్’ అంటే చిన్నపెద్ద వరుసల పెట్టుడు. ‘హెడ్’ అంటే పైనున్నవి, ‘టెయిల్’ అంటే అడుగున ఉన్న పది. రెండు ఆజ్ఞల మధ్య నిలువు గీత పెడితే మొదటిదాని చేతిలోది రెండోదానికి అందుతుంది, ఆ గీత పక్కన ‘కూలోల్లు ఇటుకలు అందిచ్చినట్టు’ అని ఉంది. పైకి బాణమున్న మీట నొక్కితే ఇందాక కొట్టిందే మళ్లీ వస్తుందని తెలిసినప్పుడైతే ఆమెకు కళ్లనీళ్లు తిరిగినంత పనయింది. ఒకే అర్జీని నలభై సార్లు కొట్టిన మనిషి మరి. చెరిపేసే ఆజ్ఞ ‘ఆర్ఎం’. దానికి అర్థం రాయలేదు, ‘తౌబా’, అంటే దేవుడా క్షమించు, అని మాత్రం రాసుకుంది.

పోయేముందు ఇంజినీరు ఒక మాట చెప్పాడు. "ఈ మిషన్ తక్కువ మాట్లాడుతుందమ్మా. చెప్పిన పని చేస్తే ఏమీ అనదు. చేయలేకపోతేనే అంటుంది. ఏమీ అనలేదంటే పని అయినట్టే." ఊరకున్నంత ఉత్తమం లేదన్నారు పెద్దలు. షరీఫున్నీసా ఆ మాట పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

ఒకసారి మిషన్ మొరాయించింది. ఏ ఫైలు దాచబోయినా జాగా లేదని అంటుంది. ఆఫీసుకు కొత్తగా పాలమూరు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్ద కెమిస్టు బాలస్వామి సార్ తల పట్టుకున్నాడు. ఆమె పుస్తకం తిరగేసింది. ఏ ఫైలు ఎంత జాగా మింగిందో చెప్పే ఆజ్ఞ ఒకటి, దాని పక్కన నిలువు గీత, పెద్దవి పైకి వచ్చేట్టు సార్ట్, మళ్లీ గీత, హెడ్. ముగ్గురు కూలీలను వరుసగా నిలబెట్టింది. దొంగ మొదటి వరుసలోనే దొరికాడు. ప్రింటర్ తీగ ఊడిపోతే, ‘ప్రింటర్ కనిపించడం లేదు’ అని ఆ మిషన్ నెల రోజులుగా తనలో తాను రాసుకుంటూ పోయింది, ఆ చాదస్తమంతా పేరుకుని డిస్కు నిండింది. తీగ పెట్టి, తౌబా చెప్పుకుని ఆ ఒక్క ఫైలు చెరిపేసింది. బాలస్వామి సార్ ఆ రోజే హైదరాబాద్ పెద్దాఫీసుకు రాశాడు, ఈమెను పర్మనెంట్ చేయమని. చోటే మియా షాపు ముందర నలుగురికీ చాయ్ పోయించి, "మా ఇంటామె కంప్యూటర్‌కు పంక్చర్ ఏసింది" అని చెప్పుకున్నాడు.

1997 సెప్టెంబరులో పెద్దాఫీసు అడిగింది. జిల్లాలో పరీక్షించిన పదకొండు వందల నలభై ఊళ్లలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న రెండు వందల ఊళ్ల పేర్లు వెంటనే పంపండి, మొదటి విడత కృష్ణ నీళ్లు వాటికే. మిగతా ఊళ్లకు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. రిజిస్టర్లోవన్నీ షరీఫున్నీసా అప్పటికే మిషన్‌లో ఎక్కించింది. ఒక్కో వరుసలో ఊరి పేరు, ఒక ఖాళీ, అంకె. సార్ట్, గీత, హెడ్ రెండు వందలు. మిషన్ రెప్పపాటులో చేసింది, ఏమీ అనలేదు. ప్రింటర్ మీద లిస్టు వచ్చింది. మొదటి ఊరి అంకె తొమ్మిది పాయింట్ ఎనిమిది.

"పది దాటిన ఊరు ఒక్కటి గూడ లేదు, బతికినం" అన్నాడు బాలస్వామి సార్. పరీక్షలు చేసిన కెమిస్టులు అప్పటికే వేరే చోట్లకు పోయారు, ఆయన వచ్చి మూడు నెలలే అయింది. సంతకం పెట్టి పంపించాడు. నకలు ఒకటి గోడకు అంటించారు.

ఆ శనివారం మధ్యాహ్నం లింగస్వామి సీసాలు దించి ఆ గోడ ముందు నిలబడ్డాడు. చదివింది ఐదో తరగతే గానీ, సీసాల మీద చీటీలు రాసీ రాసీ ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో గుర్తుపడతాడు. పైనుంచి కిందికి వేలు పెట్టుకుంటూ పోయాడు. మళ్లీ పైకి వెళ్లి మళ్లీ దిగాడు.

"ఆపా, జర ఇటు రా. మా ఊరు దొరుకుతలేదు."

"సరిగ సూడు లింగన్నా, ఉంటది."

"రెండు మాట్ల సూసిన. పక్కూరుంది, గా అవతలిదుంది. సుంకులగూడెం లేదు."

‘అయితె మీ నీళ్లు మంచియే అన్నట్టు’ అనబోయింది షరీఫున్నీసా. లింగస్వామి ఒళ్లంతా తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. మంచినీళ్లు తాగిన మెడ కాదది.

వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. సుంకులగూడెం వరుస ఏరి చూపించమని గ్రెప్ కొట్టింది. చూపించింది. పన్నెండు పాయింట్ నాలుగు.

"ఉంది గద!" అన్నది ఆశ్చర్యంగా. "పన్నెండు దాటింది. అన్నిటికన్న పైననే ఉండాలె."

"మరి కాయితం మీద ఎందుకు లేదు?"

ఆమెకు అర్థం కాలేదు. సార్ట్ మళ్లీ చేసి, ఈసారి టెయిల్ అడిగింది. అడుగున ఉన్న పది ఊళ్లలో సుంకులగూడెం ఉంది. అర పాయింట్ కూడా లేని మంచి ఊళ్ల కన్నా ఇంకా కింద. ఆ పది అంకెలూ ఒకటితోనే మొదలవుతున్నాయి. ఇదేం మాయ? పన్నెండును మిషన్ సున్నా కన్నా ఏం ఎక్కువ కాదనుకుంటున్నదా? పన్నెండున్నవన్నీ చూపించమని ఇంకోసారి గ్రెప్ కొట్టింది.

లింగస్వామి పక్కకు చూడలేడు కాబట్టి వచ్చి సరిగ్గా మీటలకు ఎదురుగా నిలబడ్డాడు. టైపు రాని మనిషి కనుక ఆమె వేళ్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో వింతగా చూస్తున్నాడు.

"ఆపా" అన్నాడు, "ఒకటి గా మీది వరుసల ఉంది గద. నువ్వు నడిమిట్ల కొట్టినవేంది?"

షరీఫున్నీసా చేతులు ఆగిపోయాయి. కిందికి చూసింది. మీటల వైపు చూడడం ఆమెకు పదమూడేళ్లలో అదే మొదటిసారి కావచ్చు. పై వరుసలో, ఎడమ చివర, ఒకటి అంకె ఉంది. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఆమె ఉంగరపు వేలు మాత్రం ఎల్ మీద ఉంది.

కాగితం మీద మనిషికి ఎల్ అయినా ఒకటైనా తేడా లేదు. తెర మీద కూడా రెండూ కవల పిల్లలే. కానీ మిషన్ ఆకారం చూడదు, ఏ మీట నొక్కారో చూస్తుంది. అంకె ఉండాల్సిన చోట అక్షరం కనబడితే సార్ట్ దాన్ని సున్నా కిందే లెక్కేసింది. ఒకటితో మొదలయ్యే ప్రతి ఊరూ, పది దాటి పందొమ్మిది దాకా ఉన్న విషపు ఊళ్లన్నీ, మంచినీళ్ల ఊళ్ల కాళ్ల కిందికి పోయాయి. పైగా ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఆమె పని అయిందనుకుంది. నిజమే, పని అయింది, మిషన్ చెప్పినట్టే చేసింది.

ఖాళీ తర్వాత ఎల్ ఉన్న వరుసలన్నీ ఏరి లెక్కపెట్టమంది. నూట ముప్పై ఏడు.

"లింగన్నా, తప్పు నాది" అన్నది. "మీ ఊరును నేనే అడుక్కు తోసిన."

అతను తెర మీదికి వంగి చూశాడు. తర్వాత, "తిప్పలు తర్వాత పడుదాం గని, పైకి తేనీకి వస్తదా?" అన్నాడు.

కంగారులో కూడా పుస్తకంలోని రెండు గీతల మాట ఆమె మరిచిపోలేదు. ముందు నకలు తీసింది. ఆ నకలు మీద, ఎల్ కనబడిన చోటల్లా ఒకటి పెట్టమని ‘సెడ్’ అనే ఆజ్ఞ ఇచ్చింది. చేసింది. ఏమీ అనలేదు. చూస్తే సుంకులగూడెం పేరు మధ్యలో ఒకటి అంకె కూర్చుని ఉంది. ‘పల్లి’ అని ఉన్న ప్రతి ఊరి పేరులో పదకొండు వచ్చి పడింది. నల్గొండ జిల్లాలో ఎల్ లేని ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు! లింగస్వామి నోరు తెరిచాడు. నకలు చెడింది, అసలు భద్రంగా ఉంది. ఆమె ఇంకో నకలు తీసి, కళ్లు మూసుకుని కూర్చుంది.

అప్పుడు నూరుద్దీన్ సార్ బెత్తం యాదికొచ్చింది. అంకెకు ముందు ఒక్కటే ఖాళీ. ఊరి పేరుకు ముందు పెద్దక్షరం. అంటే ఖాళీ వెనకాల చిన్న ఎల్ వచ్చిందంటే అది ఊరి పేరు కాదు, అంకే. పదకొండు వందల నలభై వరుసల్లో ఆమె వేళ్లు ఒక్కచోట కూడా ఆ రెండు నియమాలు తప్పి ఉండవని ఆమెకు గట్టి నమ్మకం. అంత గట్టిగా కొట్టాడు ఆయన. ముంచిందీ ఆ అలవాటే, తేల్చేదీ ఆ అలవాటే. ఎలాంటి గురువు, ఎలాంటి చదువు! ఖాళీ పక్కన ఎల్ ఉన్నచోట మాత్రమే, ఖాళీ పక్కన ఒకటి పెట్టమంది. ఊళ్ల పేర్లు చెక్కుచెదరలేదు. ఒకటి పక్కన ఎల్ మిగిలినచోట్లు, చుక్క పక్కన ఎల్ మిగిలినచోట్లు ఇంకో రెండు విడతల్లో సరిచేసింది. ఆపైన లింగస్వామిని కూర్చోబెట్టి రిజిస్టరు చదివించింది. అతను చదివాడు, ఆమె చూసింది. నూట ముప్పై ఏడూ కలిసేసరికి సాయంత్రం ఐదయింది.

మళ్లీ సార్ట్, మళ్లీ హెడ్. ఈసారి పై ఇరవై మూడు ఊళ్లూ పది దాటినవే, నూట ముప్పై ఏడులో మిగతావి ఒకటికీ రెండుకీ మధ్యవి. సుంకులగూడెం నాలుగో వరుసలో ఉంది. లింగస్వామి తన ఊరి పేరు మీద, తెర మీదే, వేలు పెట్టి కాసేపు తీయలేదు. మన ఊరు ఇంత చెడ్డదని చూసి సంతోషపడాల్సి రావడం కన్నా దౌర్భాగ్యం ఏముంటుంది? అయినా అతను సంతోషపడ్డాడు.

లిస్టు మాత్రం పెద్దాఫీసుకు చేరి నాలుగు రోజులైంది. సోమవారం పొద్దున షరీఫున్నీసా బాలస్వామి సార్ ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నాడు. మంచివాడే. భయస్తుడు, అంతే.

"చూడమ్మా, నీ పర్మనెంట్ కాయితం గదే ఆఫీసుల, గదే బల్ల మీద ఉంది. టైపిస్టు తప్పు కొట్టిందని రాస్తే అది మళ్ల ఇటు రాదు. మిషన్ ఖరాబయిందని రాద్దాం. నీకూ మంచిది, నాకూ మంచిది."

ఆమెకు ఆశ లేకపోలేదు. రెండేళ్లుగా ఆ కాగితం కోసం ఎదురు చూసింది. తండ్రి ఛాతీలోని దూది దుమ్ము ఆమెకు ఎప్పుడూ గుర్తే. కానీ ఆదివారమంతా ఆమె ఆలోచించింది ఇదే.

"మిషన్ ఖరాబయిందంటే లిస్టు మొత్తం మీద నమ్మకం పోతది సార్" అన్నది. "అన్ని ఊర్ల నీళ్లు మళ్ల పరీక్ష చెయ్యిమంటరు. రెండేండ్లు పడుతది. అంతల మొదటి విడత అయిపోతది. తప్పు ఏ మీట కాడ ఉందో సూపిస్తెనే, వాళ్లు అక్కడికక్కడ సరిజేసుకుంటరు. మిషన్ మంచిగనే ఉంది. నేనే కొట్టిన, నేనే రాస్త."

బాలస్వామి సార్ తల వంచుకుని, "సరే రాయి" అన్నాడు.

ప్రింటర్ రిబ్బను వెలిసిపోయింది. సంతకం పెట్టి పంపే ఉత్తరం స్పష్టంగా ఉండాలని ఆమె మూలన ఉన్న పాత టైపు మిషన్ మీది గుడ్డ తీసింది. ఏ ఊళ్లు తప్పిపోయాయో, ఎందుకు తప్పిపోయాయో, ఆ పొరపాటు తనదని పేరుతో సహా కొట్టింది. సుంకులగూడెం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పన్నెండు పాయింట్ నాలుగు కొట్టాలి. ఆ మిషన్ మీద ఒకటి లేదు. బాలస్వామి సార్ కూడా చూస్తున్నాడు, ఇద్దరికీ నవ్వొచ్చింది.

"కొట్టమ్మా, ఏం కాదు" అన్నాడాయన. "చదివేది మనిషి."

లింగస్వామి ఆ ఉత్తరం, సరిచేసిన లిస్టున్న ఫ్లాపీ పట్టుకుని మొదటి బస్సెక్కాడు. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. మొదటి పేరాలో, సవరించిన జాబితాను ఆమోదించామని, ఇరవై మూడు ఊళ్లనూ మొదటి విడతలో చేర్చామని ఉంది. రెండో పేరాలో, కంప్యూటర్ పనికి డిప్లొమా ఉన్న వ్యక్తిని త్వరలో నియమిస్తామని, షరీఫున్నీసాను ఇదివరకటిలాగే తాత్కాలికంగా కొనసాగించాలని ఉంది. పొరపాటు ఒప్పుకున్నవాళ్లకు మన ఆఫీసులు ఇచ్చే బహుమతి ఇంతకు మించి ఉండదు. తప్పు దాచినవాళ్లు ఎంతమంది ప్రమోషన్లు కొట్టేశారో నన్నడగకండి. ఆమె ఆ ఉత్తరం ఇంటికి తీసుకెళ్లి చోటే మియాకు చదివి వినిపించి ఏడ్చింది. చోటే మియా చేతి గ్రీజు తుడుచుకుని, "పంక్చర్ ఎవరైన ఏస్తరు. యాడ పడ్డదో దొరకవట్టేది ఒక్కరే" అన్నాడు. అది ఓదార్పో, వృత్తి ధర్మమో ఆమెకు తెలియలేదు గానీ, కన్నీళ్లు ఆగాయి.

డిప్లొమా అతను వచ్చాడు. అతనికి షరీఫున్నీసా తన పొడుగు పుస్తకం ఇచ్చి, నకలు తీసుకొమ్మని, సార్ట్‌ను గుడ్డిగా నమ్మొద్దని చెప్పింది. ఎనిమిది నెలలకు అతను హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. పుస్తకం తిరిగిచ్చాడు, అంతవరకు మంచివాడు. ఆ కుర్చీలో మళ్లీ ఆమే కూర్చుంది, తాత్కాలికంగానే. ఈలోపు ఎడమచేతి చిటికెన వేలికి పై వరుస చివరి మీట నేర్పించింది. ముప్పై ఏళ్లు దాటాక వేలికి కొత్త పని నేర్పడం మొండి గాడిదకు కళ్లెం వేయడమే. నూరుద్దీన్ సార్ లేడు కాబట్టి, తప్పినప్పుడల్లా తనే స్కేలుతో ఉంగరపు వేలి మీద ఒకటి వేసుకునేది.

1998 వానాకాలంలో సుంకులగూడేనికి నల్లా వచ్చింది. ఏడాది తిరిగాక, నల్లాలు వచ్చిన ఊళ్ల నీళ్లు మళ్లీ పరీక్షించమన్నారు. లింగస్వామి తన ఊరి సీసా తనే తెచ్చాడు. బడికి సెలవని మైసమ్మ కూడా సైకిల్ మీద వచ్చి గడపలో కూర్చుంది. కొత్త అంకెలన్నీ ఎక్కించి షరీఫున్నీసా సార్ట్ చేసింది. మొదటి రెండు వందల్లో సుంకులగూడెం లేదు. టెయిల్ అడిగింది. అడుగున ఉన్న పది ఊళ్లలో ఉంది.

మిషన్ ఎదురుగా నిలబడ్డ లింగస్వామి మొహం పాలిపోయింది.

"మళ్ల అడుక్కు పోయిందేంది ఆపా? మళ్ల గదే ఏలుతోని కొట్టినవా?"

"జర ఆగు" అన్నది ఆమె. గ్రెప్ కొట్టింది. ఖాళీ తర్వాత ఎల్ ఉన్న వరుసలు చూపించు. మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తెర మీద ఏమీ రాలేదు. గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ నిలబడింది.

"ఏం అంటలేదేంది?" అన్నాడు లింగస్వామి.

"ఏం లేదు కాబట్టి అంటలేదు లింగన్నా. గిది నిజం అడుగే. మీ నల్లా నీళ్లల్ల అర పాయింట్ గూడ లేదు."

అతను ఆ మాట ఒకసారి తనలో తాను అనుకున్నాడు. తర్వాత మెడ తిరగదు కాబట్టి మెల్లగా ఒళ్లంతా తిప్పి, గడపలో కాళ్లు చాపుకుని కూర్చున్న బిడ్డ వైపు నిలబడ్డాడు. ఆ మోకాళ్లు వంకరగానే ఉన్నాయి. నల్లా వచ్చిన కాడి నుంచి మాత్రం ఇంకా వంగలేదు.

"మైసీ" అని పిలిచాడు. "మన ఊరు అందరికన్న అడుక్కు వచ్చిందే బిడ్డా!"